మనీలా బియ్యం, తిరుమలగిరి వడ్లు

2025 మార్చి నెలాఖరులో ఒక్కరోజు తేడాతో రెండు పనులు జరిగాయి. 30వ తేదీ ఉగాది. ఆ రోజు మన సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో, రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇచ్చే పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. తెల్లారి 31న కాకినాడ రేవులో పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి జెండా ఊపి ఒక ఓడను సాగనంపారు. అందులో 12,500 టన్నుల ఎంటీయూ 1010 బియ్యం ఉంది. అది చేరాల్సింది ఫిలిప్పీన్స్ దేశానికి. విడతల వారీగా ఎనిమిది లక్షల టన్నుల దాకా పంపుతామని అప్పుడు ప్రభుత్వం చెప్పింది.

ఈ రెండింటినీ కలిపి చూస్తేనే సంగతి బోధపడుతుంది. మన దగ్గర దొడ్డు బియ్యం వండుకోవడం చాలా ఇళ్లలో ఎన్నడో మానేశారు. రేషన్ షాపులో తెచ్చుకున్న బియ్యం నాలుగు రోజుల్లో తిరుగుబేరగాళ్ల చేతికి పోయేది. అక్కణ్ణుంచి మిల్లుకు, మిల్లు నుంచి మళ్లీ సర్కారు గోదాముకో రేవుకో చేరేది. అందుకని తినేవాళ్లకు సన్నాలు ఇద్దామనుకున్నారు. మంచిదే. మరి రైతు పండించిన దొడ్డు వడ్లు ఎటు పోవాలి? వాటికి గిరాకీ ఉన్న దేశం కావాలి. ఆ వెతుకులాటలో దొరికిన దేశం ఫిలిప్పీన్స్.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ దేశం సంగతి. అక్కడి పార్టీలు బియ్యం చుట్టూ చేసిన రాజకీయం, ఆర్థిక సంస్కరణ పేరుతో 2019లో తెచ్చిన ఒక చట్టం, దాని వల్ల రైతుకు జరిగిందేమిటి అన్నది. తిరుమలగిరి మార్కెట్ యార్డులో వడ్ల కుప్ప మీద పట్టా కప్పి కాపలా పడుకునే రైతుకు ఆ దేశం సంగతితో పని పడింది. మిర్యాలగూడ మిల్లర్‌కూ పడింది, కోదాడ లారీ యజమానికీ పడింది.

ముందుగా ఒక చుట్టరికం చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లో లాస్ బానోస్ అనే ఊళ్లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. 1960లో పెట్టారు. 1966లో అక్కణ్ణుంచి వచ్చిన ఐఆర్ 8 రకాన్ని మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు వేసి, ఎకరాకు అంతకుముందు ఎవరూ చూడనంత దిగుబడి తీశారు. ఆ సంస్థే 1985లో ఐఆర్ 64 అనే రకాన్ని విడుదల చేసింది. మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్లు తమ కృష్ణవేణి రకాన్ని ఆ ఐఆర్ 64తో కలిపి ఒక కొత్త రకం తీశారు. అదే ఎంటీయూ 1010. మన రైతులు వెయ్యిన్నిపది అని పిలుచుకునే వరి ఇదే. నూట ఇరవై రోజుల్లో చేతికొస్తుంది, యాసంగికి నీళ్లు తక్కువున్న చోట పనికొస్తుంది, అందుకే మూసీ ఆయకట్టులోనూ ఎస్సారెస్పీ రెండో దశ కాలువల కిందా రైతు దాన్ని వదల్లేదు. కాకినాడలో ఓడెక్కిన గింజలో ఆ దేశపు వంశం సగం ఉంది.

ఇంకో పోలిక కూడా ఉంది, ఇది గింజకు సంబంధించింది కాదు. 1946లో మన ప్రాంతంలో ఏం జరుగుతుండేదో పెద్దవాళ్లు చెప్పగా విన్నవారే మీరందరూ. నిజాం సర్కారు లెవీ పేరుతో గింజలు గుంజుకునేది. దొర గడీలో ధాన్యం దాగి ఉండగా, పేద రైతు గాదె ఊడ్చుకుపోయేవారు. మనకు దగ్గర్లోనే కడవెండిలో ఆ ఏడాది జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తుంగతుర్తి ప్రాంతం నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఆ పోరాటంలోకి దూకారు. సరిగ్గా అదే ఏడాది, ఫిలిప్పీన్స్‌లో మధ్య లుజాన్ అనే వరి మైదానంలో, పంటలో సగం భూస్వామికి కొలిచే కౌలు రైతులు తిరగబడ్డారు. వాళ్లను హుక్‌లు అంటారు. జపాన్ సైన్యం మీద పోరాడిన వాళ్లే వాళ్లు. 1946 ఎన్నికల్లో వాళ్ల నాయకుడు లూయిస్ తారుక్, అతని తోటివాళ్లు గెలిస్తే, అక్కడి చట్టసభలో వాళ్లను కూర్చోనివ్వలేదు. దాంతో అడవి పట్టారు. 1954లో తారుక్ లొంగిపోయేదాకా ఆ పోరు సాగింది.

మన దగ్గర 1952లో రావి నారాయణ రెడ్డిని నల్లగొండ ఓటర్లు గెలిపించి, నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. సభ ఆయన్ను లోపలికి రానిచ్చింది. ఈ తేడాను నేను చాలా పెద్ద తేడా అనుకుంటాను. గెలిచిన రైతు ప్రతినిధిని బయట నిలబెట్టిన దేశంలో పార్టీలు వేళ్లూనుకోలేదు. కుటుంబాలు వేళ్లూనుకున్నాయి. 1987 నాటి వాళ్ల రాజ్యాంగంలో వారసత్వ రాజకీయాలను నిషేధించాలని రాసుకున్నారు, వివరం చట్టంలో చెబుతామన్నారు. ఆ చట్టం రానే లేదు. అధ్యక్షుడు మారితే చాలు, సభ్యులు గుంపులు గుంపులుగా అతని పార్టీలోకి వెళ్లిపోతారు. మనం కూడా ఇందులో తక్కువ చూడలేదు. 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్టీకి నిలకడ లేనప్పుడు, అది చేసే ఆర్థిక విధానానికి ఎవరూ బాధ్యులు కారు. ఫిలిప్పీన్స్ బియ్యం విషయంలో జరిగింది ఇదే.

1972లో, నియంతగా ఏలిన అధ్యక్షుడు పెద్ద మార్కోస్ కాలంలో అక్కడ ధాన్యానికి ఒక సర్కారు సంస్థ పెట్టారు. తర్వాత అది జాతీయ ఆహార సంస్థ అయింది. మన భాషలో చెప్పాలంటే ఎఫ్‌సీఐ, పౌరసరఫరాల సంస్థ, వ్యాపార లైసెన్సుల ఆఫీసు, దిగుమతుల ఆఫీసు అన్నీ ఒకే గొడుగు కింద. రైతు దగ్గర కొనేది అదే, చవగ్గా అమ్మేది అదే, బయటి దేశాల నుంచి బియ్యం తేవాలంటే అనుమతి ఇచ్చేదీ అదే. ఒకే చేతిలో అంత అధికారం ఉంటే అవినీతి రాకుండా ఉండదు. అప్పులు పేరుకుపోయాయి. రైతు దగ్గర కొన్నది పంటలో చాలా చిన్న వంతు. ఎంత దిగుమతి చేసుకోవాలో అధికారులు అంచనా వేసేలోగా ధర ఎగిరిపోయేది.

2018లో అలాగే జరిగింది. సంస్థ గోదాముల్లో నిల్వలు అడుగంటాయి. కిలో 27 పెసోలకు అమ్మే సర్కారు బియ్యం కోసం జనం వరసల్లో నిలబడ్డారు. దక్షిణాన జాంబోవాంగా నగరంలో బియ్యం కరువు వల్ల ఆగస్టులో విపత్తు ప్రకటించారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దేశమంతటా ద్రవ్యోల్బణం 6.7 శాతానికి చేరింది. ఒక పెసో అంటే మన లెక్కలో సుమారు రూపాయిన్నర. అప్పటి అధ్యక్షుడు రోడ్రిగో డుటెర్టే ప్రభుత్వం ఇక ఈ సంస్థతో లాభం లేదనుకుంది. 2019 ఫిబ్రవరి 14న ఆయన బియ్యం సుంకాల చట్టం మీద సంతకం పెట్టారు.

ఆ చట్టం ఏం చేసిందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర కూడా ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇంత బియ్యమే తేవాలన్న పరిమితి తీసేశారు. ఎవరైనా, ఎంతైనా తెచ్చుకోవచ్చు. వియత్నాం లాంటి ఆసియాన్ దేశాల బియ్యానికి 35 శాతం సుంకం కడితే సరిపోతుంది. రెండేళ్లకు, 2021లో, భారత్ లాంటి బయటి దేశాలకు కూడా అదే 35 శాతం చేశారు. సర్కారు సంస్థ చేతిలోంచి దిగుమతులు పోయాయి, లైసెన్సులు పోయాయి, బజారులో అమ్మే అధికారం పోయింది. తుపానులప్పుడు పంచడానికి కొంత నిల్వ ఉంచుకో, అది మన రైతు దగ్గరే కొను, అంతకు మించి నీకు పని లేదు అన్నారు. వచ్చే సుంకంలోంచి ఏడాదికి వెయ్యి కోట్ల పెసోలు పక్కన పెట్టి రైతుకు యంత్రాలు, విత్తనాలు, అప్పు, శిక్షణ ఇస్తామన్నారు. అందులో సగం యంత్రాలకే.

తినేవాడికి మేలు జరిగింది, కాదనకూడదు. 2019 అక్టోబరు నాటికి ద్రవ్యోల్బణం ఒక శాతం కంటే కిందికి దిగింది. ఆర్థికవేత్తలు ఈ సంస్కరణను మెచ్చుకున్నారు. పట్నంలో కూలి చేసుకుని బతికే కుటుంబం ఖర్చులో బియ్యం వాటా ఎంతో మనకు తెలియంది కాదు. మనీలా మురికివాడలోనైనా, సూర్యాపేట చుట్టుపక్కల కాలనీలోనైనా అది పెద్ద వాటాయే.

పండించేవాడి సంగతి వేరు. 2018లో కిలో వడ్లకు 20 పెసోలకు పైన వచ్చింది. చట్టం వచ్చిన ఏడాది చివర్లో అది 16 దరిదాపులకు పడిపోయింది. కొన్ని జిల్లాల్లో 12కు కూడా అడిగిన నాథుడు లేడు. వియత్నాంలో కిలో వడ్లు పండించడానికయ్యే ఖర్చు ఫిలిప్పీన్స్‌లో అయ్యే ఖర్చులో దాదాపు సగమేనని అక్కడి పరిశోధకులే తేల్చారు. వియత్నాం మెకాంగ్ డెల్టాలో నీరు, చదును నేల, మూడు పంటలు. ఇటు కొండలు, తుపానులు, చిన్న కమతాలు, కోతకు కూలి మనుషులు. యంత్రాలు వస్తాయి, ఖర్చు తగ్గుతుంది అన్నమాట నిజమే కావచ్చు. అయితే ధర పడింది ఆ పంటకే, యంత్రం వచ్చేది మూడేళ్లకు. ఈ మధ్యలో రైతు ఏం తిని బతకాలి? సంస్కరణ రాసినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు రాసుకోలేదు. నా బాధంతా అక్కడే.

మూడేళ్లకు అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. 2022 మేలో చిన్న మార్కోస్, అంటే పాత నియంత కొడుకు, డుటెర్టే కూతురు సారాతో జట్టు కట్టి గెలిచారు. ఆయన ఇచ్చిన పెద్ద వాగ్దానం కిలో బియ్యం 20 పెసోలు. 1983లో ఎన్టీఆర్ ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం మాట మీకు గుర్తొస్తే అది సహజం. అయితే ఎన్టీఆర్ ఆ మాట ఇచ్చేనాటికి మన దగ్గర ప్రతి ఊళ్లో చౌకధరల దుకాణం ఉంది, వెనక ఎఫ్‌సీఐ గోదాము ఉంది. ఆ తర్వాత వైఎస్ హయాంలో 2008లో మళ్లీ రెండు రూపాయలు, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వంలో రూపాయి, 2015 జనవరి నుంచి కేసీఆర్ ప్రభుత్వంలో మనిషికి ఆరు కిలోలు, ఇప్పుడు సన్న బియ్యం. పార్టీలు మారినా దుకాణం మారలేదు, గోదాము మారలేదు. చిన్న మార్కోస్ మాట ఇచ్చేనాటికి ఆయన దేశంలో అమ్మే సంస్థ చేతులు కట్టేసి మూడేళ్లయింది.

ఆయన వ్యవసాయ శాఖను తన దగ్గరే పెట్టుకుని ఏడాదికి పైగా నడిపారు. ధర దిగలేదు. ఈలోగా 2023 జులై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. మన దగ్గర ధర పెరగకూడదని, ముందు ఎన్నికలు ఉన్నాయని చేసిన పని అది. ప్రపంచ వ్యాపారంలో పెద్ద వాటా మనదే కాబట్టి థాయ్‌లాండ్, వియత్నాం ధరలు పదిహేనేళ్లలో లేనంత పైకి పోయాయి. సెప్టెంబరులో మార్కోస్ బియ్యానికి గరిష్ఠ ధర కట్టారు, మామూలు రకం 41 పెసోలు, మేలు రకం 45. నెల తిరక్కుండానే ఎత్తేశారు. మన ప్రభుత్వం ఆ అక్టోబరులో ఫిలిప్పీన్స్ అడిగిందని 2,95,000 టన్నులు పంపడానికి ప్రత్యేకంగా అనుమతించింది. అయినా 2024 మార్చిలో ఆ దేశంలో బియ్యం ధరల పెరుగుదల ఏడాది లెక్కన 24.4 శాతానికి చేరింది. ఢిల్లీలో ఒక రాత్రి తీసుకున్న నిర్ణయం మనీలా వంటింటి దాకా పోయిందన్నమాట. మనం ఎప్పుడూ బయటి దేశాల నిర్ణయాలకు గురయ్యేవాళ్లమే అనుకుంటాం. ఈసారి గురిచేసింది మనం.

ఆ నెలలోనే ఇంకో సంగతి బయటపడింది. తుపానుల కోసం దాచిన నిల్వ బియ్యాన్ని వ్యాపారులకు చవగ్గా అమ్మారన్న ఆరోపణ మీద సర్కారు సంస్థ అధిపతితో పాటు వందమందికి పైగా ఉద్యోగులను అక్కడి అంబుడ్స్‌మన్ సస్పెండ్ చేసింది. సంస్థను తిరిగి బలోపేతం చేయాలన్న వాదన బలపడే సమయంలో ఇది దెబ్బ కొట్టింది. మన జిల్లాలో కూడా, సర్కారు వడ్లు తీసుకుని బియ్యం అప్పజెప్పని మిల్లుల మీద కేసులు పెట్టిన సంగతి మీకు తెలుసు. వంద కిలోల వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలన్నది లెక్క. ఆ లెక్క తప్పించిన ప్రతి మిల్లూ, కొనుగోలు వ్యవస్థ వద్దు అనేవాళ్లకు ఒక వాదన చేతికిస్తోంది. అందుకే ఆ ఎగవేతను నేను చిన్న నేరంగా చూడలేను.

2024 జూన్‌లో మార్కోస్ సుంకాన్ని 35 నుంచి 15 శాతానికి తగ్గించారు. రైతు సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ ఏడాది దిగుమతులు 48 లక్షల టన్నులకు చేరాయి, ప్రపంచంలో అంత బియ్యం కొన్న దేశం మరొకటి లేదు. అందులో మూడొంతులు వియత్నాందే. సెప్టెంబరు చివర్లో మన నిషేధం కూడా ఎత్తేశారు. ప్రపంచ ధర జారింది. అయినా మనీలా దుకాణంలో ధర జారలేదు. సుంకంలో మిగిలింది దిగుమతి వ్యాపారుల దగ్గరే ఆగిపోయిందని అక్కడి పార్లమెంటు కమిటీల్లో గోల అయింది. డిసెంబరులో చట్టాన్ని సవరించారు. రైతు నిధిని మూడింతలు చేసి 3,000 కోట్ల పెసోలకు పెంచి, 2031 దాకా పొడిగించారు. సర్కారు సంస్థకు పాత అధికారాలు తిరిగి ఇవ్వాలని దిగువ సభ పట్టుబట్టింది, సెనేట్ ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా, ఆహార భద్రతా అత్యవసర స్థితి ప్రకటిస్తే నిల్వ బియ్యం విడుదల చేయవచ్చన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ స్థితి ప్రకటించారు కూడా.

అప్పటికే మార్కోస్, డుటెర్టే కుటుంబాలు విడిపోయి కొట్టుకుంటున్నాయి. ఆ గొడవలోకి నేను పోను. మే 12న మధ్యంతర ఎన్నికలు. సరిగ్గా మే 1న సెబూలో 20 పెసోల బియ్యం అమ్మకం మొదలుపెట్టారు. కొనుగోలు ధర లెక్కన 33 పెసోల బియ్యాన్ని 20కి ఇస్తారు. తేడా 13 పెసోలు కేంద్రం, స్థానిక ప్రభుత్వం చెరి సగం. పేదలకు, వృద్ధులకు, ఒంటరి తల్లులకు ముందు. మూడేళ్లు ఆలస్యమైనా ఇచ్చిన మాటకు ఒక రూపం వచ్చింది. ఆ బియ్యం ఎక్కడివి? వాళ్ల రైతు దగ్గర సర్కారు కొన్నవి. 2019లో చేతులు కట్టేసిన సంస్థనే మళ్లీ పిలిచి, నువ్వే కొను, నువ్వే ఇవ్వు అనవలసి వచ్చింది.

మన 1010 ఓడ వెళ్లింది ఈ సందర్భంలో. తర్వాతి మలుపు మనకు ఇంకా దగ్గర. ఆ ఏడాది వాళ్ల కోతల కాలానికి వడ్ల ధర కొన్ని చోట్ల కిలో పది పెసోల కిందికి, అంటే మన పదిహేను రూపాయల కిందికి పడిపోయింది. ఆగస్టు మొదటి వారంలో మార్కోస్ మన దేశ పర్యటనలో ఉన్నారు. ఇక్కడ ఉండగానే, సెప్టెంబరు 1 నుంచి అరవై రోజులు బియ్యం దిగుమతులు ఆపేస్తున్నట్టు ఆయన ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత దాన్ని ఏడాది చివరిదాకా పొడిగించారు. ఆయన రైతు పక్షాన చూస్తే అది సరైన పని. నేనైనా అదే చేయమంటాను. మన వైపు నుంచి చూస్తే, ఎనిమిది లక్షల టన్నులు కొంటుందనుకున్న ఇంటికి తాళం పడింది.

ఇప్పుడు తిరుమలగిరికి వద్దాం. ముప్పై, నలభై ఏళ్ల కింద ఇక్కడ పెసర, కంది, పత్తి, జొన్న. బావి ఉన్న రైతు నాలుగు మడులు వరి వేస్తే గొప్ప. ఎస్సారెస్పీ రెండో దశ కాలువల్లోకి నీళ్లు వచ్చాక వరి విస్తరించింది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వాళ్లకు సాగర్ ఎడమ కాలువ కింద ఇది రెండు తరాల అలవాటు. మనకు కొత్త. 2024 వానాకాలంలో తెలంగాణ మొత్తం మీద 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంత పంటను ఎవరో ఒకరు ఒక ధరకు కొనాలి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడు క్వింటాలుకు 2,389 రూపాయలు, మామూలు రకానికి 2,369. సన్నాలకైతే రాష్ట్రం 500 బోనస్ కలుపుతానంది.

ఈ ధర కాగితం మీంచి రైతు చేతికి వచ్చే దారి కొనుగోలు సెంటర్. మహిళా సంఘాల వాళ్లు నడిపే ఐకేపీ సెంటర్‌కు వెళ్లి చూడండి. వడ్లు ఆరబోసి ఉంటాయి. ఒకామె తేమ మిషన్ తెచ్చి గుప్పెడు గింజలు అందులో పోస్తుంది. పదిహేడు లోపు వస్తే కాంటా. పద్దెనిమిది వస్తే ఇంకో రోజు ఎండ. ఆ ఒక్క అంకె కోసం రైతు మిషన్ మీదికి వంగి చూసే చూపు నాకు ఎన్నటికీ మామూలు విషయం కాదు. తూర్పార పట్టిన కుప్ప, గన్నీ సంచులు, హమాలీలు, బస్తాకు తరుగు ఎంత తీస్తారన్న గొడవ, లారీ రాలేదన్న గొడవ. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు ఇలాంటి యార్డుల్లోనే వడ్లు తడిసి ముద్దయ్యాయి. లోపాలు ఎన్నో ఉన్నాయి. అయినా కిలోకు ఇరవై మూడున్నర రూపాయలకు పైన ఇచ్చేవాడు అక్కడ నిలబడి ఉన్నాడు. ఫిలిప్పీన్స్ రైతుకు ఆ ఏడాది లేనిది సరిగ్గా అదే.

మిర్యాలగూడలో ఇంకో పద్ధతి. అక్కడ సన్నాలను కోత మిషన్ నుంచి నేరుగా, పచ్చిగానే, ట్రాక్టర్లలో మిల్లుకు తోలుతారు. కోతలన్నీ ఒక్కసారి వస్తే రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ వరస. 2020 వానాకాలంలో రోజుకు ఇన్ని ట్రాక్టర్లనే రానివ్వాలని టోకెన్లు పెట్టారు. టోకెన్ దొరకని రైతు పొలంలో పంట రాలిపోతుంటే కూర్చోవాలి, దొరికిన రైతు మిల్లు చెప్పిన రేటుకు తల ఊపాలి. వరసలో ఉన్నవాడికి బేరమాడే బలం ఉండదు. ప్రైవేటు కొనుగోలు ఒక్కటే ఉంటే ధర ఎట్లా నిర్ణయమవుతుందో చూడాలంటే మనీలా దాకా పోనక్కరలేదు.

మన పార్టీలు దీన్ని ఎట్లా వాడుకున్నాయో కూడా చూశాం. 2021లో యాసంగి ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అంది. యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం అంది. నవంబరు మధ్యలో మన సూర్యాపేట, నల్లగొండ జిల్లాల కొనుగోలు కేంద్రాల దగ్గరే బీజేపీ, టీఆర్ఎస్ కార్యకర్తలు తలపడ్డారు. 18న ఇందిరా పార్కు దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధర్నా, 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ఇంకో ధర్నా. మర్నాడు రాష్ట్రమే కొంటానంది. ఆ అయిదు నెలలు వరి వేయాలా వద్దా అని తేల్చుకోలేక నార్లు పోయడం ఆపుకున్న రైతులు ఉన్నారు. యాసంగి ఎండల్లో పండిన 1010ను మరపడితే నూక ఎక్కువ వస్తుంది, అందుకే ఉప్పుడు చేస్తారు. ఇది గింజ స్వభావానికి సంబంధించిన విషయం. దీన్ని పార్టీల పట్టుదల విషయం చేశారు.

2025 జులై 14న ముఖ్యమంత్రి మన తిరుమలగిరికే వచ్చి కొత్త రేషన్ కార్డుల పంపిణీ ప్రారంభించారు. పెళ్లయి వేరుపడిన పిల్లలకు, ఏళ్లుగా దరఖాస్తు పెట్టి తిరిగినవాళ్లకు కార్డు చేతికొచ్చింది. ఆ కార్డు మీద వచ్చే సన్న బియ్యం కోసం మన రైతే సన్నాలు వేయాలి. దిగుబడి తగ్గుతుంది, మందుల ఖర్చు పెరుగుతుంది. 500 బోనస్ ఆ తేడాను పూడ్చాలి. అది వడ్ల డబ్బుతో పాటే ఖాతాలో పడితే రైతు వచ్చే కారుకు కూడా సన్నాలే వేస్తాడు. నెలల తరబడి ఆగితే మళ్లీ 1010 వైపు పోతాడు, అప్పుడు మళ్లీ ఏదో దేశపు ఓడ కోసం చూడాలి.

వచ్చే యాసంగి కోతలకు ముందు మీ ఊళ్లో గ్రామసభ జరిగితే, శ్రోతలను నేను కోరేది ఇది. సెంటర్ కోత మిషన్ దిగకముందే తెరుస్తారా, రెండో తేమ మిషన్ ఇస్తారా, పట్టాలు ఎన్ని ఇస్తారు, బోనస్ ఏ తేదీకి వేస్తారు అని అధికారులను పేరుపేరునా అడగండి. శాసనసభలో మన ప్రతినిధులు ఏ పార్టీవారైనా, ఫిలిప్పీన్స్‌తో చేసుకున్న ఒప్పందం షరతులను సభ ముందు పెట్టించమని అడగండి. మనీలా మళ్లీ దిగుమతులు ఆపేసిన రోజున రేవులో, మిల్లులో నిలిచిపోయిన సరుకు నష్టం ఎవరు భరిస్తారు, రైతుకు ఇవ్వాల్సిన ధరలోంచి కోస్తారా, ఖజానా భరిస్తుందా అన్నది అందులో రాసి ఉందో లేదో తెలియాలి.